ఎనిమిది సాయంత్రాల జపమాల

చావింట్లో ఎనిమిదో సాయంత్రం జపమాల ముగిస్తూ, జపం చెప్పే ముసలి తెక్లా ఒక ముక్క అదనంగా కలిపింది.

"ఎలిసెయో ఆత్మకు శాంతి. అదే మలుపులో, అదే గడియలో పోయిన ఆ లారీ మనిషి ఆత్మకూ శాంతి."

ఇదాలియా దిగ్గున లేచింది.

"ఎవడికి శాంతి?"

గదిలో ఉన్న ఇరవై మందీ తలలు తిప్పి చూశారు.

"నా మొగుణ్ణి పొట్టనపెట్టుకున్నవాడికి నా ఇంట్లోనే శాంతా? లే పెద్దమ్మా. రేపటినుంచి రావద్దు."

"రేపు తొమ్మిదో రోజు తల్లీ. రేపు జపం చెప్పాకే పోయినవాడి పేర పెట్టిన పీఠం ఎత్తాలి. మధ్యలో ఆపకూడదు."

"ఆపేది నిన్ను. జపాన్ని కాదు. నడువు."

ముసలామె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. ఎప్పటిలాగే కాఫీ ముట్టలేదు, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలే ముట్టలేదు. నల్ల శాలువా తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

ఇదాలియాకి అసలే గోరుచుట్టు మీద రోకటిపోటు. పద్నాలుగేళ్ళుగా రాజధాని వారపత్రికకు సీరియళ్ళు రాసి బతుకుతోంది. ముద్దులూ, మోసాలూ, విషం కలిపిన గ్లాసులూ. బ్రేకులు తెగిన లారీ ఎలిసెయో బండిని లోయలోకి నెట్టాక ఆ రాతలన్నీ చప్పబడిపోయాయి. దేవుణ్ణి పట్టుకోకపోతే బతకలేననిపించింది. సీరియల్లోని విధవ బెర్తా కూడా చివరి భాగంలో మోకరిల్లి తీరాలని ఎడిటర్‌తో పట్టుబట్టింది.

"జనం ఏడవడానికి కొంటారమ్మా, గుడికెళ్ళడానికి కాదు," అన్నాడాయన ఫోన్లో. "సరే, రాయి. అది ప్రార్థనే అని నాకనిపిస్తే వేస్తా. ప్రసంగంలా ఉంటే మాత్రం ఆ పేజీ ఇంకొకరిది. శనివారం ఐదింటి బస్సులో కవరు పడాలి."

ఆ పేజీ పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

శనివారం పొద్దున్నుంచీ రాసింది, చింపింది. బెర్తా ప్రార్థన తిన్నగానే మొదలవుతుంది. బెర్తా మొగుణ్ణి చంపిన లారీవాడి దగ్గరికి రాగానే శాపమైపోతుంది. శాపం తీసేస్తే బడిపిల్ల ఒప్పజెప్పిన పాఠంలా ఉంటుంది.

ఆడపడుచు ఓర్ఫిలియా గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, సాయంత్రం జపం ఎవరు చెప్తారు? పిలిపించింది మీరే, తరిమిందీ మీరేనాయె."

"నేను పిలిపించానా? నువ్వు కాదూ?"

"అయ్యో, నేనెక్కడ! మీరనుకున్నాను. వీధిలో వాళ్ళంతా కూడా మీరే అనుకుంటున్నారు."

చావింటి తలుపు తొమ్మిది రోజులూ తెరిచే ఉంటుంది. జపమాల పట్టుకుని ముందు వరసలో మోకరిల్లినామెను ఎవరు పిలిచారని అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

"ఏ ఊరు ఆవిడది?"

"కొండ మీది సాన్ బ్లాస్‌ అట. రానూ పోనూ నడకేనట."

ఇదాలియా నోట్‌బుక్కూ కవరూ సంచిలో పడేసుకుని పాలబండి ఎక్కింది. క్షమాపణ చెప్పాలని కాదు. ప్రార్థన ఎలా పలకాలో ఆ ముసలామెకు తెలుసు, తనకు తెలియడం లేదు. గడియారం చూస్తే రెండు దాటింది.

తెక్లా ఇంటికి తాళం. పక్కింటామె అరుగు మీద మొక్కజొన్న వలుస్తోంది.

"తెక్లానా? పొద్దున్నే బస్సెక్కి సముద్రం వైపు పోయింది, చెల్లెలి దగ్గరికి. ఇక రాదులే."

"మళ్ళీ రాదా? ఎందుకని?"

"ఎవరున్నారని వస్తుందీ?"

"నేను ఎలిసెయో భార్యని. ఎనిమిది రోజులు మా ఇంట్లో జపం చెప్పింది."

వలిచే చెయ్యి ఆగిపోయింది. ఆమె ఇదాలియాను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వేనా? ఆమె ఎవరో నీకు చెప్పలేదా?"

"లేదు."

పక్కింటామె చెప్పింది. నాలుగు మాటలే చెప్పింది.

ఇదాలియా తాళం వేసిన ఆ గడప మీదే కూలబడింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. సంచిలోంచి నోట్‌బుక్ తీసి, బెర్తా అన్న పేరు కొట్టేసి, తన పేరు రాసింది. ఆ తర్వాత ప్రార్థన ముగిసేదాకా కలం ఆగలేదు. పరుగున కొండ దిగి, కదులుతున్న ఐదింటి బస్సు కిటికీలోంచి కవరు డ్రైవర్ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం జపం ఆమే చెప్పింది. తడబడుతూ, తప్పులతో చెప్పింది. చివర అదనపు ముక్క కూడా కలిపింది. ఓర్ఫిలియా తెల్లబోయి చూసింది.

సోమవారం ఎడిటర్ ఫోన్ చేశాడు.

"అచ్చుకి పంపించాను," అని పెట్టేశాడు.

ఆ వారం ఇదాలియా పేజీలో అచ్చయింది ఒక్క వాక్యమే: "ప్రభూ, నా భర్తతోపాటే పోయిన నార్సిసోకి శాంతినివ్వు, కన్నకొడుక్కి చెప్పుకోవాల్సిన జపాలు వదిలేసి, వాడి లారీ చంపిన మనిషి కోసం కొండ దిగి వచ్చి ఎనిమిది సాయంత్రాలు మా ఇంట మోకరిల్లిన వాడి తల్లి తెక్లాని నేను గెంటేశాను, నన్ను క్షమించు."