పోస్టాఫీసులో పిండి కవరు

“ముందు ఆ ఫ్యాను కట్టెయ్యండి! ఎవరూ కదలొద్దు!” అంది డాక్టర్ వినీతా చంద్ గుమ్మంలోంచే.

పోస్టాఫీసులో ఉన్న ఐదుగురూ కొయ్యబారిపోయారు. పోస్టుమాస్టరు మెరెసియాన చేతిలోని ముద్ర గాలిలోనే ఆగిపోయింది. ఆమె ముందు కౌంటరు మీద గోధుమరంగు కవరొకటి పడుంది. దాని మూల చిరిగి, తెల్లటి పొడి చిటికెడంత రాలింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఇలైతియా నవ్వు కనబడకుండా మీసం దువ్వుకుంటున్నాడు.

ఆ నవ్వుకు కారణముంది. దీవిలో ఎక్కడైనా ప్రమాదకరమైన సూక్ష్మజీవులున్నాయని అనుమానం వస్తే పోలీసులూ, ఆరోగ్యశాఖా కలిసి పనిచెయ్యాలని రాజధాని సువా నుంచి ఉత్తర్వు వచ్చింది. కలిసి పనిచెయ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి కింద ఎవరు చెయ్యాలన్నదే ఆర్నెల్లుగా తేలలేదు. పదకొండు సమావేశాలు జరిగాయి, పదకొండుసార్లూ టీ, కేకులు మాత్రం సక్రమంగా నడిచాయి. చివరికి సువావాళ్ళు విసిగిపోయి ఇలైతియాకు రహస్యంగా ఒక పని అప్పగించారు. డాక్టరుకు తెలియకుండా ఉత్తుత్తి పరీక్ష పెట్టాలి. ఎవరెలా చేశారో రాసి పంపాలి. దాన్నిబట్టి నాయకత్వం ఎవరిదో తేలుస్తారు. పరీక్ష పెట్టేదీ తనే, రాసేదీ తనే. ఇంత న్యాయమైన పోటీ ఇలైతియా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నిన్ననే కాన్‌స్టేబుల్ పెథేలీని పిలిచి చెప్పాడు. “గోధుమరంగు కవరులో చెంచాడు రొట్టెల పిండి పోసి, రేపు పదింటికి పోస్టాఫీసు కౌంటరు మీద పడేసి వచ్చెయ్. ఎక్కడన్నా నోరు జారావో, చూసుకో.”

రిటైరవడానికి మూడు నెలలున్న పెథేలీ బుద్ధిగా తలూపాడు. ఇవాళ పది దాటి పావుగంట కాకముందే మెరెసియాన కేక వేసింది, రెండు శాఖలకీ ఫోన్లు వెళ్ళాయి.

“మీరు వెనక్కి జరగండి ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది వినీత మాస్కు బిగించుకుంటూ. “వీళ్ళందరి పేర్లూ రాసుకోవాలి, బట్టలు మార్పించాలి. కవరును మూడు సంచుల్లో కట్టి ల్యాబుకు పంపాలి.”

“పంపుదురుగాని డాక్టరమ్మా! ముందు ఇది నేరం జరిగిన చోటు. సాక్ష్యం పోలీసులది.”

“ఆ సాక్ష్యం ఊపిరితిత్తుల్లోకి పోతే అప్పుడెవరిదండీ?”

“అయ్యా, మీరిద్దరూ తేల్చుకునేలోపు నేను చేతులు కడుక్కోవచ్చా?” అంది మెరెసియాన.

“కదలకు!” అన్నారిద్దరూ. ఆర్నెల్లలో వాళ్ళు ఒక్కమాట మీద నిలబడడం అదే మొదటిసారి.

ఇలైతియా నింపాదిగా వెళ్ళి కవరు చేతిలోకి తీసుకున్నాడు. దానిమీద స్టాంపు కూడా ఉంది. ఎక్కడిదో విదేశీ స్టాంపు, చిలక బొమ్మది. చెప్పిన పనే సగం చేసే పెథేలీ చెప్పని పని ఇంత శ్రద్ధగా చేశాడే అని ముచ్చటపడ్డాడు. కవరు చింపి పొడి అరచేతిలో ఒంపుకున్నాడు.

“ఏంటా పని! పడెయ్యండి!”

“భయపడ్డం మీ శాఖ పని డాక్టరమ్మా. తేల్చడం మా శాఖ పని.” వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

ఎవరో కెవ్వుమన్నారు. పొడి కాస్త చేదుగా ఉంది. అంతలోనే నాలుక చివర తిమ్మిరెక్కింది. ఇలైతియాకు నవ్వాగలేదు. రోజూ సాయంత్రం చాపమీద చేరి చిప్పలకు చిప్పలు యంగోనా అనే మత్తు వేరు కషాయం తాగే దీవిలో, నాలుక తిమ్మిరెక్కితే కంగారుపడేవాడెవడు? పిండి ఒక్కటే అయితే అనుమానం వస్తుందని పెథేలీ చిటికెడు యంగోనా పొడి కలిపినట్టున్నాడు. వీడికి ఇంత బుర్ర ఉందని ముప్పై ఏళ్ళుగా తెలియనే లేదు.

“ఉమ్మెయ్యండి! మీకు దణ్ణం పెడతాను, ఉమ్మెయ్యండి!” వినీత చేతులు జోడించింది. పదకొండు సమావేశాల్లో తనను తూర్పారబట్టిన మనిషి తనకోసం ఏడ్చేలా ఉండడం చూసి ఇలైతియాకు ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ సిగ్గుతోపాటు పొడినీ మింగేసి, అరచేతిలో మిగిలింది కౌంటరు మీద దులిపి, జేబులోంచి సువా ఉత్తర్వు తీశాడు.

“పిండమ్మా ఇది! రొట్టెల పిండి! ఉత్తుత్తి పరీక్ష. చదువుకోండి.”

ఆమె రెండుసార్లు చదివింది. మాస్కు లాగేసి బల్లమీద కూలబడింది.

“సిగ్గులేదా మీకు? నా గుండె ఆగినంత పనైంది.”

“రిపోర్టులో అదే రాస్తాను. ఆరోగ్యశాఖకు గుండె ఆగింది, పోలీసుశాఖ రుచి చూసి తేల్చింది.”

అందరూ గొల్లుమన్నారు. వినీత చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలోకి విసిరింది.

“సరే, గెలిచారు. ఇక తలుపులు తియ్యండి, ఫ్యాను వెయ్యండి. ఉక్కపోస్తోంది.”

మెరెసియాన స్విచ్ నొక్కింది. కౌంటరు మీది పొడి గుప్పున లేచి అందరి జుట్టుమీదా, ఆమె కప్పులోని టీలోనూ పడింది. ఆమె నవ్వుతూ ముఖం తుడుచుకుని, ఆ టీ ఒక గుక్క తాగింది. ఇలైతియాకు పెదవులు కూడా మొద్దుబారుతున్నాయి. గట్టిగానే కలిపాడు వెధవ, సాయంత్రం మెచ్చుకోవాలి అనుకున్నాడు.

అప్పుడే పెథేలీ రొప్పుతూ లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా సగం బయటికి వేలాడుతోంది. పొద్దున్నే బావమరిది యంగోనా తాగడానికి చాపమీద కూర్చోబెట్టినట్టున్నాడు. అక్కడున్న జనాన్ని చూసి సెల్యూట్ కొట్టి, జేబులోంచి నలిగిన గోధుమరంగు కవరు సగం పైకి తీసి, ఇన్‌స్పెక్టర్ చెవిలో గుసగుసగా అన్నాడు.

“ఆలస్యమైంది సార్, మన కవరు ఇప్పుడు పెట్టెయ్యనా?”