సిరిమాను నాటి కావిడి

గుమ్మం ముందు కావిడి దింపిన చప్పుడుకి తాయారు ఎర్ర పెన్సిలు పక్కన పడేసి లేచింది.

లేవడమే కోపంతో లేచింది.

ఆవేళ విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర. ఊరు ఊరంతా కోట ముందే ఉంది. మొగుడు గణపతిరావు పాపని భుజమ్మీద ఎక్కించుకుని బయల్దేరాడు.

"అమ్మ రాదా?" అని పాప ఏడ్చింది.

"అమ్మకి పేపర్లున్నాయి తల్లీ" అన్నాడు. కిందటేడూ అదే మాట, అంతకు ముందేడూ అదే మాట.

కాలేజీలో లెక్కలు చెప్పేది తాయారు ఒక్కర్తే. ఉండవలసింది ఇద్దరు. రెండో లెక్చరరు వెళ్ళిపోయి చాలాకాలమైంది. అడిగినప్పుడల్లా ప్రిన్సిపాలు నరసింగరావు గారు "వస్తారమ్మా, వచ్చేస్తారు" అనేవారు. వచ్చేదాకా రెండు సెక్షన్లనీ ఒకే గదిలో కుక్కి గొంతు చించుకోవడం, ఇంటికొచ్చి గంజి వార్చడం, దసరా సెలవుల్లో సెప్టెంబరు పరీక్షల పేపర్లు దిద్దడం.

రేపు కాలేజీ తెరుస్తారు. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. ప్రాణంలాంటి ఉద్యోగం. రాస్తూ ఏడ్చింది కూడా.

ఇంతలో ఈ కావిడి.

ఎదురుగా యాభై దాటిన మనిషి. కొత్త పంచె, తలకి కొత్త తువ్వాలు. కావిడికి రెండు బుట్టలు, వాటిమీద పసుపు గుడ్డలు కప్పి ఉన్నాయి.

"తాయారమ్మగారిల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. మీదే ఊరు?"

"నెల్లిమర్లండి. మిల్లులో పన్సేస్తన్నాను. అప్పలసూరంటారు. మా పాప..."

చాలు, తాయారుకి అర్థమైపోయింది. పేపర్ల కట్ట ఏ ఇంటికి చేరిందో పోస్టుమాను కంటే ముందే పిల్లల తండ్రులకి తెలుస్తుంది. కిందటేడు ఒకాయన నేతిడబ్బాతో వచ్చాడు, ఇంకొకాయన పనసపండు మోయించుకొచ్చాడు. అందరూ "మా పాప, మా బాబు" అనే మొదలెడతారు. నంబరు చెప్పి ముగిస్తారు.

"నంబరు చెప్పకండి!" అంది.

"నంబరేటమ్మా?"

"ఏమీ తెలీనట్టు అడక్కండి. మీ పాపని చదువుకోమనండి. మార్కులు పేపర్లో ఉంటాయి, బుట్టల్లో ఉండవు."

అప్పలసూరి ఆమె వెనక నేలమీద పరిచిన పేపర్లు చూశాడు. నిద్రలేని కళ్ళు చూశాడు.

"పండగపూటా పనేనా? ఒక్కర్తివే సేస్తన్నావా తల్లీ ఇదంతా?"

"ఇంకెవరు చేస్తారు? కావిడెత్తండి."

"ఇది ఎనక్కి పట్టుకెళ్ళే కావిడి కాదమ్మా."

"ఎత్తుతారా, నలుగుర్నీ పిలవమంటారా?"

ఇంకొకడైతే ముఖం మాడ్చుకునేవాడు. అప్పలసూరి ముఖం మాత్రం వెలిగింది.

"నిజిమే. మా పాప సెప్పినట్టే ఉన్నావు" అని, కావిడి భుజానికెత్తుకుని, నవ్వుకుంటూ ఎండలో పడి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళయినా ఇచ్చాను కాదని తాయారుకి మనసులో గుచ్చుకుంది. గుచ్చుకుంటే మాత్రం, పేపర్లు ఆగుతాయా?

మర్నాడు ప్రిన్సిపాలు గదిలో ఆమె సంచిలో చెయ్యి పెట్టబోతుంటే నరసింగరావు గారు నవ్వారు.

"ఇదిగోనమ్మా, మీ రెండో మనిషి."

మూల కుర్చీలోంచి ఓ పిల్ల లేచి, వచ్చి తాయారు కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"కూర్మమ్మా! నువ్వా?"

"నేనేనండి. వాల్తేరులో ఎమ్మే అయింది. సెలవుల్లో ఆర్డరొచ్చింది."

రెండు సెక్షన్లు కలిపిన ఆ గదిలో వెనక బెంచీ పిల్ల. తన గొంతు అంతదూరం వినిపిస్తోందో లేదో అని తాయారు రోజూ దిగులుపడేది. వినిపించిందన్నమాట. గర్వంతో కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"మీరొక్కరూ ఇద్దరి పని చేస్తున్నారని ఇంట్లో చెప్పేదాన్నండి" అంది కూర్మమ్మ. "'ఐతే ఆ రెండో మనిసివి నువ్వే అవ్వే' అనేవాడు మా నాన్న. ఆ మాట పట్టుకునే చదివేనండి."

తాయారు రాజీనామా కాగితాన్ని సంచిలోనే ఉండచుట్టేసింది. టైంటేబులు ముందేసుకుని సాయంత్రం క్లాసులన్నీ కూర్మమ్మ పేర రాసింది. ఇవాళ పెందరాళే ఇంటికెళ్ళి, పాపని రంగులరాట్నం ఎక్కించాలి.

"మేడమ్, కొంచెం చలిమిడి" అంటూ కూర్మమ్మ ఓ చిన్న మూట ముందుపెట్టింది.

మూట కట్టింది పసుపు గుడ్డతో.

తాయారు చెయ్యి ఆగిపోయింది.

"అప్పలసూరి... మీ నాన్నా?"

"అవునండి. మీరు కేకలేసేరని నిన్నట్నుంచి మిల్లు ఇళ్ళ లైన్లంతా చెప్పుకు తిరుగుతున్నాడు. 'నన్నే కావిడెత్తించేసినాదిరా! అలాటి తల్లి కాడికెళ్తన్నాది నా కూతురు' అని."

తాయారు మూటని దగ్గరకి తీసుకుంది.

"పరీక్ష రాసిన పిల్లే లేనప్పుడు ఆ కావిడి ఎందుకు తెచ్చాడమ్మా? మళ్ళీ రమ్మనవే. ఈసారి నేనే ఎదురెళ్ళి దింపుకుంటాను."

కూర్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది రెండోసారి మొయ్యకూడదండి. మావేపు ఆడపిల్లని అత్తోరింటికి పంపే ముందురోజు కన్నతండ్రి అలాగ కావిడి మోసుకెళ్ళి, 'ఇంక ఇది మీ పిల్లే' అని అప్పజెప్పి వస్తాడు."