నాలుగో లెవెల్‌లో ఒక తప్పు

“ఆగు, ఆగు! పైకప్పు కొట్టి చూడకుండ లోపలికి పోతవా? ఎవడు నేర్పిండు నీకు పని?”

ఉమాశంకర్ తిడుతున్నది లాప్‌టాప్ తెర మీద వేలెడంత ఉన్న బొమ్మ మనిషిని. నెత్తిన దీపం, చేతిలో గునపం. తిట్లు లెక్కచేయకుండా బొగ్గు తవ్వుకుంటూ పోతున్నాడు వాడు.

“బటన్ నొక్కుతున్నది మీరే అంకుల్,” అంది ప్రవల్లిక.

ఆ అమ్మాయి నోయిడాలో ఒక గేమ్ కంపెనీలో పనిచేస్తుంది. బొగ్గుగని తవ్వే ఈ ఆట తనే తయారుచేసింది. సోమవారం విడుదల. ఈలోగా అసలు గనిలో పనిచేసిన మనిషి ఎవరైనా ఆడి చూసి, మంచీ చెడ్డా రాసి సంతకం పెట్టాలంది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ గాలించి, ఇందిరాపురంలో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్న ఉమాశంకర్‌ని పట్టుకుంది.

ఆయన తెలంగాణ గనుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి, సర్దారుగా రిటైరయ్యాడు. కార్మికులు లోపలికి వెళ్ళేముందు పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడు విని, ‘పోవచ్చు’ అనేది సర్దారే. ఆయన ఊఁ అంటేనే జనం కదిలేవాళ్ళు. ఢిల్లీ వచ్చాక మనవడు కూడా “తాతా, బాద్ మే” అని తర్వాతకి నెట్టేసి పోతున్నాడు. అలాంటి మనిషిని సలహా అడిగితే ఊరుకుంటాడా? పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

“ముందుగాల మంచియి రాసుకో,” అన్నాడు. “చీకటి మంచిగ పెట్టినవ్. దీపం ఎంతదాక పడాల్నో గంతదాకనే పడుతున్నది. ఇంకొక్క టబ్బు, ఇంకొక్క టబ్బు బొగ్గు నింపుదామనిపిస్తున్నది. అసలు బొగ్గుబాయిల గూడ గంతే.”

“అచ్ఛా! మరి లోపాలు?”

“సచ్చినోడు మల్ల లేచొస్తున్నడు. గది మొదటి తప్పు. ఎంత తవ్వితే గన్ని పాయింట్లు ఇస్తున్నవ్, పానంతోని బయటికొచ్చినోనికి ఒక్కటియ్యవు. గది రెండోది.”

ప్రవల్లిక రాసుకుంది. కొట్టేసి, మళ్ళీ అదే మాట రాసింది.

“ఎందుకు బిడ్డా గంత భయం? ఉద్యోగం పోతదా?”

“అంతకంటే పెద్దదే అంకుల్. నా మూడేళ్ళ కష్టం మీ సంతకం దగ్గర ఆగింది.”

భానుమతి టీ తెచ్చి పెట్టింది. భర్త ముఖంలోకి ఒకసారి చూసి, అక్కడే సోఫా అంచున కూర్చుంది.

నాలుగో లెవెల్ మొదలైంది. బొమ్మ కట్టెతో పైకప్పును కొట్టింది. ఖంగుమంది.

“గట్టిగున్నది,” అన్నాడు ఉమాశంకర్, చెవి రిక్కించి.

“ఇప్పుడు కప్పుకి ఆసరాగా నిలబెట్టిన ఆ గుంజ తీయాలి అంకుల్. దాని వెనకాలే బొగ్గు.”

“గుంజ తియ్యద్దు బిడ్డా.”

“తీయకపోతే ఆట ముందుకెళ్ళదు.”

గొణుక్కుంటూనే బటన్ నొక్కాడు. గుంజ పక్కకి జరిగింది. ఏ చప్పుడూ లేకుండా కప్పు మొత్తం బొమ్మ మీద పడింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ‘తప్పు నీదే. గుంజ నువ్వే తీశావు.’

ఉమాశంకర్ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“గీ మాట ఎవరు రాసిండ్రు?”

“మా బాస్. ఏదో పాత ఎంక్వయిరీ రిపోర్టులో అలాగే ఉందట.”

“తప్పు.”

“నేను చెప్తే ఎవరూ వినరు అంకుల్. ఎందుకు తప్పో మీరే చెప్పండి.”

“చాలు, ఇగ బంజెయ్యి,” అంది భానుమతి గట్టిగా. “ఏ కాయితం మీద సంతకం పెట్టకు. కడుపు చింపుకుంటే కాళ్ళ మీద పడ్తది.”

“ఆటే కదా ఆంటీ,” అంది ప్రవల్లిక. ఆ నవ్వు ముఖానికి అతకలేదు.

ఉమాశంకర్ టీ ముట్టుకోలేదు. తెర మీద రాళ్ళ కింద బొమ్మ దీపం ఇంకా మినుకుమినుకుమంటోంది. వేలితో ఆ దీపాన్ని తాకి చూశాడు. ఈయన ఇప్పుడు లేచి లోపలికి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వరని ప్రవల్లికకు తెలుసు.

“ఒక్క గుంజకు గట్టి కప్పు పడదు,” అన్నాడు చివరికి. “పొద్దుగాల్నుంచే డొల్ల అయ్యుండాలె. డొల్ల కప్పు కొడితే బొదబొద మంటది. చెవిటోనికి గూడ తెలుస్తది.”

“అంటే సర్దారుకి తెలిసే ఉంటుందా?”

“తెలుస్తది.”

“తెలిసీ ఎందుకు పంపిస్తాడు అంకుల్?”

“పైనోళ్ళు టబ్బులు లెక్కవెడ్తరు బిడ్డా. గంటసేపు పని ఆపితే గులుగుతరు.”

“ఇది రాసిస్తారా?”

“వద్దన్ననా?” భానుమతి లేచి నిలబడింది.

“ఆటలనన్న నిజముండనీ,” అన్నాడు ఆమె వైపు చూడకుండా. ప్రవల్లిక చేతిలోని కాగితం, పెన్ను తనే లాక్కున్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. ‘గుంజ తీసినందుకే కప్పు కూలదు. ముందే డొల్ల అయి ఉండాలి. కొట్టి చూసిన సర్దారుకు ఆ సంగతి తెలుసు. తప్పు పనివానిది కాదు.’ కింద సంతకం, తేదీ, రిటైర్డ్ సర్దార్ అని హోదా కూడా రాశాడు. భానుమతి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

“మంచిగ నడవాలె బిడ్డా నీ ఆట,” అన్నాడు కాగితం అందిస్తూ. కళ్ళు తడిగా ఉన్నాయి.

ప్రవల్లిక దండం పెట్టబోయి, చేతులు దించేసుకుని బయటికి నడిచింది. లిఫ్ట్ దగ్గర నిలబడి ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివింది. తర్వాత కరోల్ బాగ్‌లో తెలుగు పిల్లలకు మెస్ నడిపే తల్లికి ఫోన్ చేసింది.

“ఇరవై ఏళ్ళకి రాసిచ్చాడమ్మా ఆ సర్దారు, తప్పు నాన్నది కాదని.”