ఆదివారం తలంటు

టేపు ముక్క మూలలు గుండ్రంగా ఉన్నాయి.

నూరిస్ దాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి మళ్ళీ చూసింది. ఆమె ఏనాడూ మూలలు గుండ్రంగా కత్తిరించలేదు.

మంచం అంచున ఆమె మొగుడు అర్నుల్ఫో బోడి నెత్తితో, కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్నాడు. బర్రాంకియా ఊళ్ళో డాన్సు హాలుకి వెళ్ళే ఆడవాళ్ళందరికీ అక్కడ పాడే ఆయన గొంతు తెలుసు, ఆ నొక్కుల జుట్టూ తెలుసు. ఆ జుట్టు ఆయనది కాదని, పల్చటి జాలీకి కుట్టి టేపుతో అంటించిందని ఊళ్ళో గుసగుసలున్నాయి. కానీ దాని కింద ఏముందో చూసింది మాత్రం నూరిస్ ఒక్కతే.

పెళ్ళినాటి ఉంగరం కంటే ఆమెకి అదే గొప్ప.

ప్రతి ఆదివారం ఆ జుట్టుకి తలంటు పోసేది ఆమే. అంచుల్లో జిగురు వదిలించే మందు చిలకరించి, కాసేపాగి, మెల్లగా పైకి తీస్తుంది. షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో, రుద్దకుండా, వేళ్ళతో ఒకే వైపుకి దువ్వుతూ పసిబిడ్డకి పోసినట్టు పోస్తుంది. బోర్లించిన కుండ మీద నీడపట్టున ఆరబెడుతుంది. అది ఆరేలోగా మొగుడి నెత్తి స్పిరిట్‌తో తుడిచి, నడినెత్తిన ఒక ముద్దు పెడుతుంది. ఆ తర్వాతే కొత్త టేపు.

"నిన్న ఎవరి దగ్గరికి వెళ్ళావు ముసలోడా?"

అర్నుల్ఫో కళ్ళు తెరిచాడు. "పాటకెళ్ళాను. ఇంకెక్కడికెళ్తాను?"

"నీ జుట్టు ఎవరు తీశారు?"

"గాలికి లేచుంటుంది."

"గాలికి కత్తెర కూడా ఉందా?"

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నూరిస్ కాఫీ కప్పు అందుకుంటే, చెయ్యి వణికి సాసర్లో ఒలికింది. ఈ మధ్య ఆమెకి కోపమూ ఎక్కువైంది, వణుకూ ఎక్కువైంది.

మొగుడు ఇంకొకత్తెకి ముద్దు పెట్టాడంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదేమో. ఇంకొకత్తె ముందు జుట్టు తీశాడంటే మాత్రం ఊరుకునేది కాదు.

పక్కింటి యాదిరా గోడ మీంచి ఆ అనుమానానికి అగ్గిపుల్ల అందించింది.

"హాల్లో బట్టలు కుట్టడానికి నిరుడు ఒకావిడ వచ్చింది కదక్కా, ఎనెయిదా అని. పాటకి ముందు మీ ఆయన ఆవిడ గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడట."

"వయసెంతుంటుంది?"

"అదే విడ్డూరం. నీకంటే పెద్దది."

పుండు మీద కారం చల్లినట్టయింది. పడుచుపిల్లయితే గొంతు విని మురిసిపోయేది, మగాడి బోడి నెత్తి విలువ దానికేం తెలుసు? వయసు మళ్ళిన ఆడదానికే తెలుస్తుంది. నూరిస్‌కి వారమంతా కంటి మీద కునుకు లేదు.

శనివారం మొగుడి కంటే ముందే వెళ్ళి ఆ గది తలుపు తోసింది. ఎనెయిదా అర్నుల్ఫో కోటుకి తళుకులు కుడుతోంది.

"నా మొగుడి నెత్తి చూశావా?"

ఎనెయిదా సూది పక్కన పెట్టింది. "చూశానమ్మా."

"మొత్తమా?"

"మొత్తమే."

"సిగ్గు లేదూ?"

ఆవిడ ఏదో చెప్పబోయి, నూరిస్ చేతుల వంక చూసి, ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నూరిస్‌ని ఇంకా మండించింది. నేరుగా హాలు యజమాని దగ్గరికి వెళ్ళింది.

"ఈవిడ ఉంటే మా ఆయన పాడడు."

కుట్టేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు, అలాంటి గొంతు దొరకదని యజమాని ఆవిణ్ణి పొమ్మన్నాడు. ఎనెయిదా కత్తెర గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. గుమ్మంలో ఆగి, "ముందు అంచు గట్టిగా నొక్కమ్మా, గాలికాలం" అంది.

"నాకు నేర్పకు."

ఆ సాయంత్రం నూరిస్ పసుపు గౌను వేసుకుని మొదటి బల్ల దగ్గర రాణీలా కూర్చుంది. పైకప్పు లేని హాలు. జనవరి గాలి రివ్వున కొడుతోంది. రెండో పాట సగంలో అర్నుల్ఫో జుట్టు ముందు అంచు లేచింది.

మొదట ఒకమ్మాయి నవ్వింది. తర్వాత ముందు వరస బల్లలన్నీ నవ్వాయి. ఆయన నుదురు అరచేత్తో నొక్కి పట్టుకునే పాట ముగించాడు. విరహం పాట కాబట్టి వెనకవాళ్ళు అభినయమనుకున్నారు.

ఖాళీగా ఉన్న కుట్టుగదిలో మొగుడూ పెళ్ళాలిద్దరే మిగిలారు.

"నేను సరిగ్గానే అంటించాను" అంది నూరిస్.

అర్నుల్ఫో ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆమె కళ్ళముందు పెట్టాడు. "ఇప్పుడు కోపం లేదుగా పిల్లా. చూడు, వణుకు పోలేదు."

ఆమె చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన ఈస్టర్ నుంచి. టేపు ముడతపడుతోంది, పట్టు నిలవడం లేదు. శనివారాలు ఎనెయిదా సరిచేసేది. నీకు తెలియకూడదని అచ్చం నీలాగే కత్తిరించేది. పోయిన వారం గాలి మరీ ఎక్కువని, గుండ్రంగా ఉంటే లేవవని మూలలు తిప్పింది."

"నాకొక మాట చెప్పకూడదూ?"

"చెప్పేసి, ఇక సెలూన్‌లోనే కడిగించుకుందామని ఎప్పుడో అనుకున్నాను. ఆవిడే ఒప్పుకోలేదు."

నూరిస్ లేచింది. "పద, ఆవిణ్ణి తీసుకొద్దాం. ఏ ఊరు ఆవిడది?"

"ఏ ఊరో నేను అడగనైనా లేదు" అన్నాడు అర్నుల్ఫో. "‘శనివారం నేను చూసుకుంటాను, ఆదివారం మాత్రం ఆమెకే ఉంచయ్యా, అది తీసుకుంటే ఆమె దగ్గర్నుంచి నిన్నే తీసుకున్నట్టు’ అని నా చేత ఒట్టేయించుకున్న మనిషి ఆవిడ."