పంతొమ్మిది

బస్తీలోని ఆ బిల్డింగులో మిషన్లన్నిటినీ ఒకే కంప్యూటరు నడుపుతోంది. ప్రతి ఇంటి గోడమీది తెరలో సున్నా నుంచి పంతొమ్మిది దాకా నంబరు ఎంత పెంచితే ఆ మిషన్‌కి వంతు అంత ఆలస్యంగా వస్తుంది.

వకుళ కూర తరుగుతుండగా భర్త పరాంకుశం ఆక్సిజన్ మిషన్ నెమ్మదించింది. ఆమె తెర చూసింది. సున్నా ఉండాల్సిన చోట పంతొమ్మిది!

"ఎవరు మార్చారండీ?"

"నేనే. తన పసిబిడ్డ ఊపిరి మిషన్ ఆగిపోతోందని కిందింటి జుబేదా ఏడ్చింది," అన్నాడాయన ఆయాసపడుతూ. "ఇప్పుడు తగ్గించబోతే కంప్యూటరు ఒప్పుకోవట్లేదు. పెంచడమే మన చేతిలో ఉందట. తగ్గించాలంటే ఆఫీసరు రావాలట."

వకుళ పొయ్యికీ, ఫ్యానుకీ పంతొమ్మిది కొట్టింది. చాల్లేదు, మిగతా ఇళ్లవి ఇంకా సున్నాలోనే ఉన్నాయి. మెట్లమీదికి పరుగెత్తి సంగతి అరిచి చెప్పింది.

పసిబిడ్డ మిషన్ ఒక్కటి వదిలి, బిల్డింగులో అందరూ తమ నంబర్లు పంతొమ్మిదికి పెంచేశారు. ఫ్యాన్లన్నీ నెమ్మదించాయి, ఆక్సిజన్ మిషన్‌కి వంతు తొందరగా వచ్చింది. పరాంకుశం ఛాతీ నిండుగా లేచింది. వకుళ గుమ్మంలోనే కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంది.