మొయినా ఇంటి రేకులు

సంఘం అప్పుతో కొన్న మొయినా బాతులన్నీ తెగులొచ్చి చచ్చిపోయాయి. ఆమె కిస్తీ కట్టకపోతే మా సంఘంలో ఎవరికీ మళ్లీ అప్పు పుట్టదు. అందుకే నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, అమ్మి కిస్తీ కట్టేందుకు నేనే ఆమె ఇంటి కప్పు రేకులు విప్పించాను.

మొయినా ఏడవలేదు. “అట్లా లాగితే వంగిపోతయి ఆపా. వంగిన రేకులకు సగం టాకాలు కూడా రావు,” అంటూ తానే నిచ్చెనెక్కి, మేకులు ఊడదీసి, ఒక్కొక్క రేకూ అందించింది.

“నన్ను తిట్టవే మొయినా,” అన్నాను.

“నా బాతులు బతికి నీ ఆవు చచ్చుంటే నేనూ ఇదే చేసేదాన్ని,” అంది.

రేకులు బండికెత్తి కదులుతుంటే మేఘన నది మీదినుంచి వాన వచ్చిపడింది. అందరూ పరుగెత్తారు. నేను బండి పక్కనే నిలబడిపోయాను.

“తడుస్తావు ఆపా, లోపలికి రా!” గుమ్మంలో నిలబడి అలవాటుగా పిలిచింది మొయినా.

ఇద్దరం ఒకేసారి పైకి చూశాం.