మాట వినే బండి

"పొద్దున తోలిన బండి రేటు తక్కువేగానీ మొద్దెద్దు. దీన్ని సూడు, తొక్కితే ఎగరతా ఉండాది!"

మద్రాసు షోరూమువాళ్ళు తోలి చూడమని ఇచ్చిన రెండో జర్మనీ కారును మునిచంద్ర వడమాలపేట రోడ్డు మీద ఉరికిస్తున్నాడు. పక్కన భార్య దేవకమ్మ.

ముందు మోపెడ్ మీద ధనంజయ కనిపించాడు. మునిచంద్ర తమ్ముణ్ణి సంతలో నరికి చంపినవాడు.

కారు వాడి మీదికి దూకింది.

"ఆపు మామా! వాడి వెనకాల పాప కూసోనుండాది!"

బ్రేకు పడింది. బంపరు తగిలి మోపెడ్ వెనక దీపం మాత్రం పగిలింది. ధనంజయ కూతుర్ని పక్కకు లాగి, మోపెడ్ సంచిలోంచి కొడవలి తీసి కారు ముందద్దం మీద ఒక్క వేటు వేశాడు. లోపల స్టీరింగు మీద తలవాల్చి ఏడుస్తున్న మునిచంద్రను చూశాడు. రెండో వేటు వేయలేదు. పాపను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

దేవకమ్మ ఒడిలోని గాజుపెంకులు దులుపుకుంది.

"రేటెక్కువైనా ఇదే తీసుకో మామా. నీ కోపం కన్నా మేలు, ఆపితే ఆగతాది."